ఘనస్థితి కాష్ వర్చువల్ డిస్కుల నిర్వహణ

ఘనస్థితి కాష్ వర్చువల్ డిస్కు అనగా సర్వరులోని స్టోరేజి కంట్రోలరు ఒకటి లేదా అంతకంటే ఎక్కువ ఎస్‌ఎస్‌డిలను కలిపి, నెమ్మదిగా పనిచేసే హార్డు డిస్కులకు ముందు వేగవంతమైన తాత్కాలిక నిల్వగా ఏర్పాటు చేసే తార్కిక డిస్కు. సాధారణ వర్చువల్ డిస్కు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక డిస్కుగా కనిపిస్తుంది, దానిపై ఫైళ్ళు దాచుకోవచ్చు. కాష్ వర్చువల్ డిస్కు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించదు. దానిని కంట్రోలరు ఒక్కటే వాడుకుంటుంది. తరచుగా అడిగే డేటాకు ఒక నకలును అందులో ఉంచి, మరల అదే డేటా అడిగినపుడు హార్డు డిస్కు దాకా వెళ్ళకుండానే సమాధానం ఇస్తుంది.

ఈ విధానానికి ఎక్కువ ప్రచారం పొందిన ఉదాహరణ ఎల్‌ఎస్‌ఐ సంస్థ మెగారెయిడ్ కంట్రోలర్లలో ప్రవేశపెట్టిన కాష్‌కేడ్. డెల్ సంస్థ పెర్క్ కంట్రోలర్లలో ఇదే సౌకర్యాన్ని ఇదే పేరుతో అందించింది. అడాప్టెక్ వారి మాక్స్‌కాష్, హెచ్‌పీ వారి స్మార్ట్‌కాష్ ఇదే కోవకు చెందినవి. పేర్లు వేరైనా వీటి మూలసూత్రం ఒక్కటే, నిర్వహణలో ఎదురయ్యే ప్రశ్నలూ ఒక్కటే.

అవసరం

హార్డు డిస్కులో డేటా తిరిగే పళ్ళెంపై ఉంటుంది. ఒక చిన్న ముక్క చదవాలన్నా ముందుగా చదివే తల సరియైన వలయం మీదికి జరగాలి, తరువాత కావలసిన భాగం తిరిగి తల కిందికి రావాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. సగటున అర చుట్టు వేచి ఉండాలి, అంటే సుమారు 4.2 మిల్లీసెకన్లు. తల జరగడానికి పట్టే 8 మిల్లీసెకన్లు కలిపితే ఒక చదువుకు సుమారు 12 మిల్లీసెకన్లు అవుతుంది. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను చదివేటపుడు ఒక డిస్కు సెకనుకు 75 నుండి 85 అభ్యర్థనలకు మించి తీర్చలేదు.

ఎస్‌ఎస్‌డిలో తిరిగే భాగాలు లేవు. అదే పనికి దానికి సుమారు 0.1 మిల్లీసెకను చాలు. అంటే రమారమి నూరు రెట్లకు పైగా తేడా. అయితే ఒక గిగాబైటుకు అయ్యే ఖర్చు హార్డు డిస్కులోనే తక్కువ. అందుచేత డేటా మొత్తాన్ని హార్డు డిస్కులలో ఉంచి, అందులో చలామణిలో ఉన్న కొద్ది భాగానికి మాత్రమే ఎస్‌ఎస్‌డిని కేటాయించడం ఈ విధానపు ఉద్దేశం.

ఇది ఫలించడానికి కారణం డేటా వాడకంలో ఉన్న అసమానత. ఒక కార్యాలయంలో పదేళ్ళ దస్తావేజులు ఉన్నా, ఒక రోజున తెరిచేవి వాటిలో కొన్నే. ఇప్పుడు వాడిన దానిని కొద్దిసేపట్లో మరల వాడే అవకాశం ఎక్కువ, దాని పక్కన ఉన్న దానిని వాడే అవకాశమూ ఎక్కువ. ఈ లక్షణం లేని చోట ఎంత పెద్ద కాష్ ఉన్నా ప్రయోజనం ఉండదు.

ఒక పోలిక

మొయినాబాద్ మండలాన్ని ఆనుకొని ఉన్న ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయ్యాయి. హైదరాబాదు నగరం పెరిగిన తరువాత నీటి అవసరాలకు ఈ రెండు జలాశయాలు చాలలేదు. కృష్ణా నీటిని నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుండి ఎత్తిపోసి తేవలసి వచ్చింది. దగ్గరలో ఉన్నది చిన్నది, దూరాన ఉన్నది పెద్దది. కాష్‌కు, అసలు నిల్వకు ఉన్న సంబంధం కూడా ఇటువంటిదే.

కాని ఈ పోలికను ఒక హద్దు దాటి తీసుకుపోరాదు. నీరు ఒక చోటి నుండి మరొక చోటికి తరలిపోతుంది. కాష్‌లో ఉండేది నకలు మాత్రమే, అసలు ప్రతి హార్డు డిస్కులోనే ఉంటుంది. కాబట్టి చదవడానికి మాత్రమే వాడే కాష్ పాడైతే డేటాకు నష్టం లేదు. రాతలకు కూడా కాష్‌ను వాడితే ఈ సంగతి తలకిందులవుతుంది. కొంతసేపు సరికొత్త ప్రతి కాష్‌లో మాత్రమే ఉంటుంది, హార్డు డిస్కులో ఉన్నది పాతబడిన ప్రతి. ఈ వ్యాసంలో చెప్పబోయే జాగ్రత్తలలో అధికభాగం ఈ ఒక్క తేడా నుండి పుట్టినవే.

చరిత్ర

వేగవంతమైన చిన్న జ్ఞాపకాన్ని నెమ్మదైన పెద్ద జ్ఞాపకానికి ముందు ఉంచే ఆలోచనను బ్రిటిష్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ 1965లో ఒక చిన్న పత్రంలో వివరించాడు. 1968లో ప్రకటించబడిన ఐబీఎం సిస్టమ్ 360 మోడల్ 85 యంత్రంతో ఈ ఆలోచన వాణిజ్యపరంగా అమలులోకి వచ్చింది. అవి ప్రాసెసరుకు, ప్రధాన జ్ఞాపకానికి నడుమ ఉన్న కాష్‌లు.

డిస్కుల విషయంలో 1988లో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ప్రచురించిన రెయిడ్ పత్రం మలుపు వంటిది. చవకైన అనేక డిస్కులను కలిపి ఒకే నమ్మకమైన పెద్ద డిస్కుగా చూపవచ్చునని అది ప్రతిపాదించింది. ఈ పని చేయడానికి ప్రత్యేకమైన కంట్రోలరు కార్డులు వచ్చాయి. వాటిపై 512 మెగాబైట్లు, 1 గిగాబైటు వంటి పరిమాణంలో ర్యామ్ కాష్, కరెంటు పోయినపుడు దానిని కాపాడే బ్యాటరీ ఉండేవి. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా బృందం రూపొందించిన నాండ్ ఫ్లాష్ జ్ఞాపకం 1987లో వెల్లడైంది. అది సర్వరు డిస్కులలో వాడదగినంత చవక కావడానికి ఇంచుమించు ఇరవై ఏళ్ళు పట్టింది.

2009లో అడాప్టెక్ సంస్థ కంట్రోలరుకు ఎస్‌ఎస్‌డి కాష్‌ను జతచేసే మాక్స్ ఐక్యూ అనే ఉత్పత్తిని విడుదల చేసింది. తరువాత ఇదే మాక్స్‌కాష్ అయింది. 2010లో ఎల్‌ఎస్‌ఐ కాష్‌కేడ్ మొదటి రూపం వచ్చింది. అది చదువులకు మాత్రమే పనికివచ్చేది. 2011లో వచ్చిన కాష్‌కేడ్ ప్రో 2.0 రాతలను కూడా ఎస్‌ఎస్‌డిలో నిలుపగలిగింది. ఒక కంట్రోలరుపై కాష్ పరిమాణానికి 512 గిగాబైట్ల పరిమితి ఉండేది. 2013లో లినక్స్ కెర్నెల్ 3.9లో డీఎం-కాష్, 3.10లో బీకాష్ చేరడంతో ప్రత్యేక కంట్రోలరు లేకుండానే ఇదే పని సాఫ్టువేరుతో చేయడం సాధ్యమైంది. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొనుగోలు చేసింది. 2016లో బ్రాడ్‌కామ్‌ను కూడా కొని అవాగో ఆ పేరునే స్వీకరించింది.

పనిచేసే విధానం

కంట్రోలరు తన కింద ఉన్న వర్చువల్ డిస్కులను చిన్నచిన్న ప్రాంతాలుగా భావించి, ఏ ప్రాంతాన్ని ఎన్నిసార్లు అడుగుతున్నారో లెక్క పెడుతుంది. ఎక్కువగా అడుగుతున్న ప్రాంతాన్ని వేడి ప్రాంతం అంటారు. వేడి ప్రాంతాల నకలును కాష్ వర్చువల్ డిస్కులోకి చేరుస్తుంది. స్థలం నిండినపుడు చాలాకాలంగా ఎవరూ అడగని భాగాన్ని తొలగిస్తుంది.

అడిగిన డేటా కాష్‌లో దొరికితే దానిని హిట్ అని, దొరకకపోతే మిస్ అని అంటారు. నూరు అభ్యర్థనలలో ఎన్ని హిట్లు అనేదే హిట్ శాతం. హార్డు డిస్కుకు 12 మిల్లీసెకన్లు, ఎస్‌ఎస్‌డికి 0.1 మిల్లీసెకను అనుకుంటే సగటు సమయం ఈ విధంగా ఉంటుంది:

* హిట్ శాతం 50 అయితే 6.05 మిల్లీసెకన్లు
* హిట్ శాతం 90 అయితే 1.29 మిల్లీసెకన్లు
* హిట్ శాతం 95 అయితే 0.70 మిల్లీసెకను
* హిట్ శాతం 99 అయితే 0.22 మిల్లీసెకను

ఇందులో గమనించదగినది ఏమంటే, 90 శాతం హిట్లు వచ్చినా సగటు సమయంలో అధికభాగం మిగిలిన 10 శాతం మిస్‌ల వల్లనే పడుతున్నది. 90 నుండి 99కి చేరితే వేగం ఇంచుమించు ఆరు రెట్లు అవుతుంది. కాబట్టి మరింత వేగమైన ఎస్‌ఎస్‌డి కొనడం కంటే, చలామణిలో ఉన్న డేటా మొత్తం పట్టేంత పరిమాణంలో కొనడం మేలు.

పెద్ద ఫైళ్ళను మొదటి నుండి చివరి వరకు వరుసగా చదివే పనులను కాష్‌లోకి రానివ్వకపోవడం మంచిది. వరుస చదువులో తల అటూఇటూ జరగనక్కరలేదు కనుక హార్డు డిస్కు కూడా వేగంగానే పనిచేస్తుంది. పైగా రాత్రిపూట జరిగే ఒక బ్యాకప్ కాష్‌లోకి ప్రవేశిస్తే, పగలంతా పోగుపడిన ఉపయోగకరమైన డేటాను తోసివేస్తుంది. లినక్స్ బీకాష్‌లో 4 మెగాబైట్లు దాటిన వరుస పనులు కాష్‌ను తప్పించుకొని పోయేలా ముందుగానే అమర్చి ఉంటుంది.

రాత విధానాలు

రైట్ త్రూ: రాసిన డేటా హార్డు డిస్కుకు చేరిన తరువాతనే పని పూర్తయినట్లు కంట్రోలరు సర్వరుకు తెలుపుతుంది. రాతకు వేగం పెరగదు, కాని కాష్ పోయినా నష్టం లేదు.

రైట్ బ్యాక్: డేటా కాష్‌కు చేరగానే పని పూర్తయినట్లు తెలుపుతుంది. హార్డు డిస్కుకు తరువాత తీరిక చూసుకొని పంపుతుంది. ఇలా ఇంకా హార్డు డిస్కుకు చేరని డేటాను డర్టీ డేటా అంటారు. రాతలు చాలా వేగవంతం అవుతాయి, కాని డర్టీ డేటా ఉన్నంతసేపు కాష్ కూడా అసలు నిల్వలో ఒక భాగమే.

రైట్ అరౌండ్: రాతలు కాష్‌ను తాకకుండా నేరుగా హార్డు డిస్కుకు పోతాయి. రాసినదానిని వెంటనే చదవని సందర్భాలలో ఇది ఎస్‌ఎస్‌డి అరుగుదలను తగ్గిస్తుంది.

రైట్ బ్యాక్‌లోని ప్రమాదం ఎంతటిదో తెలియడానికి భూముల రిజిస్ట్రేషన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1998లో కార్డ్ పథకంతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల కంప్యూటరీకరణ ఆరంభమైంది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలై, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. భూముల క్రయవిక్రయాలు జోరుగా సాగే చేవెళ్ళ వంటి ప్రాంతంలో ఒక కుటుంబపు ఆస్తి అంతా ఇటువంటి డేటాబేసులోని ఒక వరుసపై ఆధారపడి ఉంటుంది. ఇటువంటి ఏ డేటాబేసు అయినా, రాత పూర్తయిందని డిస్కు చెప్పిన మాటను నమ్మిన తరువాతనే దస్తావేజుకు సంఖ్య ఇస్తుంది. ఆ మాట చెప్పిన కంట్రోలరు దగ్గర డేటా కాష్‌లో మాత్రమే ఉండి, ఆ కాష్ మరుక్షణం పాడైతే, సంఖ్య ఇచ్చిన దస్తావేజు డిస్కులో ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. కొన్ని ముక్కలు కొత్తవి, కొన్ని పాతవి కలగలిసి హార్డు డిస్కులో మిగులుతాయి. అపుడు ఆ ఒక్క దస్తావేజే కాక, సూచికలు, ఫైల్ సిస్టమ్ కూడా చెడిపోవచ్చు.

అందుచేత రాతలకు కాష్‌ను వాడేటపుడు కాష్ వర్చువల్ డిస్కును కనీసం రెండు ఎస్‌ఎస్‌డిలతో రెయిడ్ 1గా ఏర్పరచాలి. చదువులకు మాత్రమే అయితే రెయిడ్ 0 సరిపోతుంది.

నిర్వహణ దశలు

ముందస్తు పరిశీలన

కంట్రోలరు నమూనా ఈ సౌకర్యాన్ని ఇస్తుందో లేదో మొదట చూడాలి. డెల్ పెర్క్ హెచ్700, హెచ్800 కంట్రోలర్లలో 1 గిగాబైటు కాష్ గల రకానికి మాత్రమే కాష్‌కేడ్ ఉండేది. ఎల్‌ఎస్‌ఐ కార్డులలో కాష్‌కేడ్ ప్రోకు విడిగా లైసెన్సు తాళం కొనవలసి ఉండేది. ఫర్మ్‌వేర్ సంచిక, తయారీదారు ఆమోదించిన ఎస్‌ఎస్‌డిల జాబితా కూడా చూసుకోవాలి.

సృష్టించుట

సర్వరు ఆరంభమయ్యేటపుడు వచ్చే అమరిక తెర నుండి గాని, ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిచే నిర్వహణ సాఫ్టువేరు నుండి గాని దీనిని సృష్టించవచ్చు. ఎల్‌ఎస్‌ఐ కార్డులకు మెగారెయిడ్ స్టోరేజ్ మేనేజర్, స్టోర్‌సీఎల్‌ఐ, డెల్ సర్వర్లకు ఓపెన్‌మేనేజ్ ఇటువంటి సాఫ్టువేర్లు. ఎస్‌ఎస్‌డిలను ఎంచుకొని, రెయిడ్ స్థాయి, రాత విధానం నిర్ణయించి, ఒక పేరు ఇవ్వాలి. ఆ ఎస్‌ఎస్‌డిలలో అంతకుముందు ఉన్న డేటా పోతుంది. ఈ పేరులో కాష్ అన్న మాట ఉండేలా చూసుకుంటే, తరువాత వచ్చే నిర్వాహకులు దానిని మామూలు డిస్కుగా పొరబడరు.

అనుసంధానం

ఏ వర్చువల్ డిస్కులకు కాష్ వర్తించాలో ఎంచుకోవచ్చు. డేటాబేసు, వర్చువల్ యంత్రాలు ఉన్న డిస్కులకు దీని వల్ల మేలు. బ్యాకప్‌లు, వీడియోలు ఉన్న డిస్కులను వదిలివేయాలి. ఎస్‌ఎస్‌డిలతోనే నిర్మించిన వర్చువల్ డిస్కుకు ఇటువంటి కాష్ అవసరం లేదు, కాష్‌కేడ్ దానికి వర్తించదు కూడా.

వేడెక్కే కాలం

కొత్తగా సృష్టించిన కాష్ ఖాళీగా ఉంటుంది. నిజమైన పని జరిగేకొద్దీ అది నిండుతుంది. ఇందుకు పని తీరును బట్టి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. సృష్టించిన వెంటనే వేగం కొలిచి ప్రయోజనం లేదనుకోవడం పొరపాటు. అలాగే ఒక చిన్న ఫైలును పదేపదే చదివి, వేగం నూరు రెట్లు పెరిగిందనుకోవడమూ పొరపాటే. అది ఎస్‌ఎస్‌డి వేగమే గాని మొత్తం వ్యవస్థ వేగం కాదు. కనీసం ఒక వారపు మామూలు పనిదినాల హిట్ శాతాన్ని చూసి నిర్ణయించాలి.

పరిమాణం మార్చుట

చాలా కంట్రోలర్లలో ఎస్‌ఎస్‌డిని చేర్చి లేదా తీసివేసి కాష్ పరిమాణాన్ని మార్చవచ్చు. రైట్ బ్యాక్ వాడుతున్నపుడు ముందుగా డర్టీ డేటాను హార్డు డిస్కులకు దింపి, ఆ పని పూర్తయినదని నిర్ధారించుకున్న తరువాతనే ఈ మార్పు చేయాలి.

తొలగించుట

చదువులకు మాత్రమే వాడే కాష్‌ను ఎపుడైనా తొలగించవచ్చు, వేగం తగ్గుతుందే తప్ప డేటాకు ముప్పు లేదు. రైట్ బ్యాక్ కాష్‌ను తొలగించడానికి క్రమం ఇది: మొదట విధానాన్ని రైట్ త్రూకు మార్చాలి, డర్టీ డేటా పూర్తిగా దిగేవరకు ఆగాలి, తరువాత అనుసంధానం తీసివేయాలి, చివరన కాష్ వర్చువల్ డిస్కును తొలగించాలి. అది కాష్ మాత్రమే కదా అని ఎస్‌ఎస్‌డిని నేరుగా ఊడదీయడం ఈ రంగంలో అతి ఖరీదైన పొరపాట్లలో ఒకటి.

కంట్రోలరు మార్పిడి

కంట్రోలరు పాడై డిస్కులను మరొక సర్వరుకు తరలించవలసి వస్తే, హార్డు డిస్కులతోపాటు కాష్ ఎస్‌ఎస్‌డిలను కూడా తరలించాలి. కొత్త కంట్రోలరు వాటిని పరాయి అమరికగా గుర్తిస్తుంది. దానిని దిగుమతి చేయాలా, తుడిచివేయాలా అని అడుగుతుంది. తుడిచివేయమని చెబితే డర్టీ డేటా శాశ్వతంగా పోతుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ

మొయినాబాద్ మండలంలో చిలుకూరు, అజీజ్‌నగర్, యెంకేపల్లి పరిసరాలలో అనేక ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. అటువంటి ఒక కళాశాల సర్వరులో 4 టెరాబైట్ల హార్డు డిస్కులు 8 ఉన్నాయనుకుందాం. వాటిని రెయిడ్ 5గా కలిపితే 28 టెరాబైట్ల స్థలం వస్తుంది. ఒక్కొక్క డిస్కు సెకనుకు 75 అభ్యర్థనలు తీర్చగలిగితే, మొత్తం మీద చదువులు సెకనుకు 600. రెయిడ్ 5లో ఒక చిన్న రాతకు పాత డేటా, పాత పారిటీ చదివి, కొత్త డేటా, కొత్త పారిటీ రాయాలి. అంటే ఒక్క రాతకు నాలుగు పనులు. కనుక రాతలు సెకనుకు 150 మాత్రమే.

పరీక్షల ఫలితాలు వెలువడిన రోజున విద్యార్థులందరూ ఒకేసారి ప్రవేశిస్తే ఈ 600 చాలవు. అభ్యర్థనలు వరుసలో నిలబడిపోతాయి, అందరికీ తెర ఆగిపోయినట్లు కనిపిస్తుంది. అయితే ఆ రోజున అందరూ అడిగేది ఫలితాల పట్టికలు, విద్యార్థుల వివరాలు మాత్రమే. 480 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డిలు రెండింటిని రెయిడ్ 1గా కాష్‌కు కేటాయిస్తే, అది మొత్తం నిల్వలో 2 శాతం కూడా కాదు. అయినా ఆనాడు చలామణిలో ఉండే డేటా అంతా అందులో ఇమిడిపోతుంది.

అదే కళాశాలలో పాఠాల వీడియోలు 20 టెరాబైట్లు ఉండి, ఒక్కొక్కరు ఒక్కొక్క వీడియో చూస్తుంటే ఈ కాష్ ఎందుకూ పనికిరాదు. అది వరుస చదువు, పైగా ఒకరు చూసినది మరొకరు చూడటం అరుదు. అటువంటి చోట డిస్కుల సంఖ్య పెంచడమే మార్గం.

ఎస్‌ఎస్‌డి అరుగుదల

ఫ్లాష్ జ్ఞాపకపు గడులు చెరిపి రాసిన ప్రతిసారి కొంత అరుగుతాయి. ఒక గడిలో ఒక బిట్టు దాచే ఎస్‌ఎల్‌సీ రకం సుమారు లక్ష సార్లు, మూడు బిట్లు దాచే టీఎల్‌సీ రకం వెయ్యి నుండి మూడు వేల సార్లు తట్టుకుంటాయి. తయారీదారులు దీనిని రోజుకు ఎన్నిసార్లు డిస్కును నిండా రాయవచ్చు అనే కొలతతో చెబుతారు. 480 గిగాబైట్ల డిస్కుకు ఐదేళ్ళపాటు రోజుకు ఒకసారి అని హామీ ఉంటే, దాని ఆయువు మొత్తం 876 టెరాబైట్ల రాతలు.

చదువులకు మాత్రమే వాడే కాష్‌లో కూడా రాతలు జరుగుతాయన్న సంగతిని చాలామంది మరచిపోతారు. మిస్ అయిన డేటాను కాష్‌లోకి చేర్చడమంటే ఎస్‌ఎస్‌డిపై రాయడమే. రోజుకు ఒక టెరాబైటు చొప్పున కొత్త డేటా కాష్‌లోకి వస్తూ పోతుంటే, పై డిస్కు ఆయువు 876 రోజులు, అంటే సుమారు రెండేళ్ళ ఐదు నెలలు. హిట్ శాతం తక్కువగా ఉండి, కాష్ నిరంతరం మారుతూ ఉండటం రెండు విధాల నష్టం: వేగమూ రాదు, డిస్కూ అరుగుతుంది. ఇంకొక చిక్కు ఏమంటే, రెయిడ్ 1లోని రెండు ఎస్‌ఎస్‌డిలపై ఒకే రకమైన రాతలు పడతాయి కనుక రెండూ ఇంచుమించు ఒకేసారి అరిగిపోవచ్చు. వాటి అరుగుదల సూచికను నెలకొకసారి చూసి, ఒకదానిని ముందుగానే మార్చడం మంచి పద్ధతి.

విద్యుత్తు, వేడిమి

కరెంటు కోతలు, ఎండ రెండూ ఈ ప్రాంతపు చిన్న సర్వరు గదులకు పరీక్షలే. డేటా ఎస్‌ఎస్‌డికి చేరకముందు కంట్రోలరులోని ర్యామ్ గుండా వెళుతుంది. కరెంటు పోతే ర్యామ్‌లోని డేటా మాయమవుతుంది. దీనిని కాపాడటానికి బ్యాటరీ, లేదా సూపర్ కెపాసిటరు సాయంతో ర్యామ్‌లోని డేటాను ఫ్లాష్‌కు దించే ఏర్పాటు ఉంటుంది. ఎస్‌ఎస్‌డిలోనూ స్వంత ర్యామ్ ఉంటుంది కనుక, కరెంటు పోయినపుడు దానిని భద్రపరచే కెపాసిటర్లు గల సర్వరు రకం ఎస్‌ఎస్‌డిలనే వాడాలి. ఇంటి కంప్యూటర్ల కోసం అమ్మే వాటిలో చాలావరకు ఈ రక్షణ ఉండదు.

లిథియం బ్యాటరీ ఆయువు వేడికి తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలలలో బయట ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే చోట, చల్లదనం చాలని గదిలో బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. బ్యాటరీ పనికిరాదని గుర్తించగానే కంట్రోలరు తనంతట తాను రైట్ బ్యాక్ నుండి రైట్ త్రూకు మారుతుంది. సర్వరు ఉన్నట్టుండి నెమ్మదించిందన్న ఫిర్యాదులకు అనేకసార్లు ఇదే కారణం. ఈ సందర్భంలో బ్యాటరీ లేకపోయినా రైట్ బ్యాక్ కొనసాగించు అనే ఎంపిక కూడా అమరికలలో ఉంటుంది. దానిని ఎంచుకుంటే వేగం వెంటనే తిరిగి వస్తుంది, ఫిర్యాదులు ఆగిపోతాయి. కాని తరువాతి కరెంటు కోతలో అంతవరకు పూర్తయినట్లు చెప్పిన రాతలు పోతాయి. కొత్త బ్యాటరీ వచ్చేవరకు నెమ్మదిగా నడవనివ్వడమే సరియైన నిర్ణయం.

తరచు పరిశీలించవలసినవి

* హిట్ శాతం, అది వారాల తరబడి పెరుగుతున్నదా, తగ్గుతున్నదా
* డర్టీ డేటా పరిమాణం, అది రాత్రి తీరికవేళల్లోనైనా తగ్గుతున్నదా
* ఎస్‌ఎస్‌డిల అరుగుదల, వాటిపై జరిగిన మొత్తం రాతలు
* బ్యాటరీ లేదా సూపర్ కెపాసిటరు స్థితి
* ప్రస్తుతం అమలులో ఉన్న రాత విధానం. ఎంచుకున్న విధానం, అమలులో ఉన్న విధానం వేరువేరుగా ఉండవచ్చు
* కాష్ రెయిడ్ 1 అయితే, రెండు డిస్కులూ పనిచేస్తున్నాయా

కాష్ గాని, రెయిడ్ గాని బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపిన ఫైలును రెండూ అంతే వేగంగా చెరిపివేస్తాయి.

ప్రస్తుత స్థితి

ఎస్‌ఎస్‌డిల ధరలు తగ్గిన తరువాత, మొత్తం నిల్వను ఎస్‌ఎస్‌డిలతోనే నిర్మించడం అనేక సంస్థలకు సాధ్యమైంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డిలు ప్రాసెసరుకు నేరుగా కలుస్తాయి కనుక కంట్రోలరు కార్డు పాత్ర కూడా తగ్గింది. మెగారెయిడ్ తరువాతి తరాల కార్డులలో కాష్‌కేడ్ కొనసాగలేదు. వీఎంవేర్ వీశాన్‌లో మొదటినుండి ఉన్న కాష్ అంచెను 2022లో వచ్చిన 8వ సంచికలోని కొత్త నిర్మాణంలో తీసివేశారు. మరొకవైపు మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2016తో వచ్చిన స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్‌లో, వేగవంతమైన డిస్కులను సాఫ్టువేరు తానే గుర్తించి కాష్‌గా వాడుకుంటుంది. ఎక్కువ డేటా, తక్కువ ఖర్చు కావలసిన చోట హార్డు డిస్కు, ఎస్‌ఎస్‌డి కలయిక ఇంకా వాడుకలో ఉన్నది.

చేవెళ్ళ శాసనసభ నియోజకవర్గంలోని షాబాద్ మండలం చందన్‌వెల్లి, అమెజాన్ వెబ్ సర్వీసెస్ డేటా కేంద్రాలకు ఎంచుకున్న స్థలాలలో ఒకటి. రాష్ట్రంలో 20,761 కోట్ల రూపాయల పెట్టుబడితో ఈ కేంద్రాలు వస్తాయని 2020 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంస్థ హైదరాబాదు ప్రాంతపు సేవలు 2022 నవంబరు 22న మొదలయ్యాయి. ఇటువంటి సేవలలో వాడుకరి కాష్ వర్చువల్ డిస్కును స్వయంగా సృష్టించనక్కరలేదు. తనకు సెకనుకు ఎన్ని అభ్యర్థనలు కావాలో చూసుకొని తగిన రకం డిస్కును ఎంచుకుంటే చాలు. అయితే తన పనిలో చదువులెన్ని, రాతలెన్ని, చలామణిలో ఉన్న డేటా ఎంత అన్న లెక్క తెలియనివారు అక్కడ కూడా అవసరానికి మించిన డిస్కుకు డబ్బు చెల్లించడమో, చాలని డిస్కుతో అవస్థపడటమో జరుగుతుంది. సొంత సర్వరు ఉన్న చోట ఈ లెక్కకు తోడు, రాసిన డేటా ఏ క్షణంలో ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం కూడా నిర్వాహకుని బాధ్యత.

ఇవి కూడా చూడండి

* రెయిడ్
* ఫ్లాష్ మెమరీ
* హార్డ్ డిస్క్
* డేటాబేసు
* చేవెళ్ళ
* మొయినాబాద్
* ఉస్మాన్ సాగర్